ఉడుంపట్టు కాదు, బల్లిపట్టు

మే 28న నా ఎంటెక్ వైవా అయిపోయింది. ప్రాజెక్టు పేరు ఇంగ్లిషులో రెండు లైన్లుంటుంది. తెలుగులో చెప్పాలంటే, బల్లి కాలి కింద ఉండే నూగు లాంటిది రబ్బరుతో చేసి, అది గాజుకి ఎంత గట్టిగా అంటుకుంటుందో కొలవడం. పది నెలలు పట్టింది. చివరికి చేతిలో మిగిలినవి పోస్టల్ స్టాంపంత ముక్కలు ఆరు. ఇదే టాపిక్ తీసుకుందామనుకుంటున్న జూనియర్లు ముగ్గురు ఫోన్ చేశారు. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పే ఓపిక లేక రాసి పెడుతున్నా.

2023 జులై 24న నా గైడు మేడమ్ నన్ను గదిలోకి పిలిచి, "బల్లిని ఎప్పుడైనా కింద నుంచి చూశావా?" అని అడిగారు. లేదన్నాను. "ముందు చూసి రా, తర్వాత పేపర్లు చదువుదువు" అన్నారు.

ఆ రాత్రి పదకొండింటికి మా హాస్టల్ వరండా కిటికీ దగ్గర నిలబడ్డాను. ట్యూబులైటుకి పురుగులు మూగుతాయి, పురుగుల కోసం బల్లులొస్తాయి. గాజుకి అవతల ఒకటి, ఇవతల నేను. వేళ్ళ కింద అడ్డంగా తెల్లటి పొరలు, మెట్లు మెట్లుగా కనిపించాయి. అది అడుగు తీసేటప్పుడు చూస్తే మన కాలిలా మడమ ముందు లేవదు. వేలి కొస పైకి, వెనక్కి ముడుచుకుంటుంది. స్టిక్కరు మూల పట్టుకుని ఒలిచినట్టు వేలిని అంచు నుంచి ఒలుచుకుంటుంది. ఆ సంగతి చూశానే కానీ పట్టించుకోలేదు. అప్పుడే పట్టించుకుని ఉంటే వైవాలో నోరు పెగలక నిలబడే పరిస్థితి వచ్చేది కాదు.

మర్నాడు తెనాలి దగ్గర ఊళ్ళో ఉన్న అమ్మమ్మకి ఫోన్ చేసి చెప్పాను, బల్లి గోడ మీద నుంచి ఎందుకు పడదో కనుక్కునే చదువని.

"పడదని ఎవరన్నారే? పడకపోతే పంచాంగంలో బల్లిపాటుకి పేజీ ఎందుకేస్తారు?" అంది.

ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్న అన్న ఒకాయన ఉన్నాడు, గుంటూరాయన. ఆయన మొదటిరోజే చెప్పిన మాట: "మనవాళ్ళు ఉడుంపట్టు అంటారు చూడు, అది వేరే కథమ్మా. ఉడుము గోళ్ళు దింపి పట్టుకుంటుంది. గాజు మీద పెడితే జారిపోతుంది. బల్లికి గోళ్ళతో పనిలేదు, తాకడమే దాని పట్టు."

ఆగస్టంతా చదువు. అందులో నాకు పనికొచ్చింది కొంచెమే. 2000లో కెల్లార్ ఆటమ్ బృందం టోకే అనే జాతి బల్లి కాలి నుంచి ఒకే ఒక్క రోమం తీసి దాని పట్టు కొలిచింది. మన తలవెంట్రుకలో పదో వంతు మందం ఉంటుందది. దాని చివర మళ్ళీ వందల చీలికలు, ఒక్కో కొస మీటరులో 50 లక్షల వంతు. ఒక్క రోమం సుమారు 200 మైక్రోన్యూటన్లు లాగింది, అంటే ఒక చీమ బరువు. అలాంటివి ఆ బల్లికి 65 లక్షలున్నాయి. అన్నీ ఒకేసారి పట్టుకుంటే లెక్క ప్రకారం 130 కిలోలు మొయ్యాలి. జిగురు లేదు, చూషణ లేదు. అణువుకీ అణువుకీ మధ్య ఉండే వాన్ డర్ వాల్స్ ఆకర్షణే అని అదే బృందం 2002లో తేల్చింది. ఆ ఆకర్షణ చాలా బలహీనం, ఎదుటి పరమాణువులకి దాదాపు ఆనుకుని ఉంటేనే పనిచేస్తుంది. అందుకే అన్ని కొసలు కావాలి. గోడ ఎగుడుదిగుళ్ళలోకి ఒక్కొక్కటీ విడిగా వంగి, నిజంగా తగలాలి.

నేను దాటేసిన వాక్యం ఒకటుంది ఆ 2000 పేపర్లో: రోమాన్ని ఊరికే ఆనిస్తే సరిగ్గా పట్టుకోదు. కాస్త నొక్కి, ఓ 5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పక్కకి లాగితే పట్టు అందుకుంటుంది. రోమాన్ని 30 డిగ్రీలకి మించి పైకెత్తితే దానంతట అదే వదిలేస్తుంది. నేను ఆ 200 అనే అంకె కింద గీత గీసుకున్నాను, ఈ వాక్యాల కింద గీయలేదు.

ఇక పని. మేం అనుకున్న డిజైను: 10 మైక్రాన్ల మందం, 50 మైక్రాన్ల ఎత్తు ఉన్న రబ్బరు స్తంభాలు, మధ్యలో 10 మైక్రాన్ల ఖాళీ. చదరపు మిల్లీమీటరుకి 2,500 వస్తాయి. బల్లితో పోలిస్తే మోటు పని. కానీ మాకు అందుబాటులో ఉన్న సరంజామాతో అంతకంటే సన్నగా వెళ్ళలేం.

ఆ స్తంభాలు రావాలంటే ముందు వేఫర్ అనే సిలికాన్ పలక మీద అదే సైజు గుంతలు చేసి, వాటిలో రబ్బరు పోసి ఊడదీయాలి. ఆ గుంతల నమూనా ఉండే మాస్క్‌ని సెప్టెంబర్ 4న ఆర్డర్ పెట్టాం. గాజుపలక మీద క్రోమియంతో గుండ్రాలు గీసి ఇస్తారు. జీఎస్‌టీతో 19 వేల చిల్లర. వస్తువు చేతికి రావడానికి 23 రోజులు. ఆ తర్వాత దుమ్ము లేకుండా ఉంచే క్లీన్‌రూమ్‌లో స్లాట్ కోసం ఇంకో 15 రోజులు, ఎందుకంటే క్లీన్‌రూమ్ మాది కాదు, ఊరికి ఆ చివరనున్న వేరే సంస్థది. పొద్దున ఆరున్నరకి మెట్రో, అక్కణ్ణుంచి ఆటో, రానూపోనూ 240 రూపాయలు. అలా మొత్తం పదకొండు సార్లు తిరిగాను. ఆ డబ్బులు ఏ బిల్లులోనూ రాయడానికి కుదరదు.

అక్టోబర్ 12. తలనుంచి కాలిదాకా తెల్ల ముసుగు, లోపలంతా పసుపు లైట్లు. వేఫర్ మీద ఎస్‌యూ-8 అనే తేనెలాంటి ద్రవం పోసి, నిమిషానికి 3,000 చుట్లు తిప్పి పలచగా పరిచి, వేడిచేసి, మాస్క్ పెట్టి అతినీలలోహిత కాంతి వేసి, మళ్ళీ వేడిచేసి, గట్టిపడని భాగాన్ని కరిగించే డెవలపర్‌లో కడగాలి. చివర ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) పోసినప్పుడు తెల్లగా మజ్జిగ విరిగినట్టు కనిపిస్తే కడగడం చాలలేదని అర్థం. నాకు మూడుసార్లు విరిగింది. నాలుగోసారి తేటగా వచ్చింది. సంబరంగా మైక్రోస్కోపు కింద పెట్టాను.

గుంతలు ఉండాల్సిన చోట స్తంభాలున్నాయి.

ఎస్‌యూ-8 కాంతి తగిలిన చోట గట్టిపడుతుంది. గుంత కావాలంటే మాస్క్‌లో ఆ గుండ్రం నల్లగా ఉండాలి. ఆర్డర్ ఫారంలో ఏది నలుపు, ఏది తెలుపు అని అడిగిన చోట నేనే తప్పు గడిలో టిక్ పెట్టాను. 19 వేలు. బట్టలు మార్చుకునే గదిలో బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. మేడమ్‌కి ఎలా చెప్పాలో తెలియక ముందు అన్నకి ఫోన్ చేశాను.

"గుంతలు తీయమంటే దిబ్బలొచ్చాయా? అయితే దిబ్బల మీద ముద్ద పోసి అచ్చు తియ్యి. అవి గుంతలే కదమ్మా!"

ఆ ఒక్క మాటతో నా ప్రాజెక్టు నిలబడింది. వేఫర్ మీది స్తంభాల నుంచి రబ్బరు అచ్చు, ఆ అచ్చులో మళ్ళీ రబ్బరు పోసి స్తంభాలు. పని రెట్టింపు. కానీ తర్వాత తెలిసింది, రబ్బరు అచ్చు వంగుతుంది కాబట్టి ముక్కని ఒలిచేటప్పుడు స్తంభాలు తెగిపోవడం తగ్గుతుంది. ఇప్పుడెవరైనా నేరుగా గుంతల మాస్క్ చేయిస్తానంటే, వద్దు నా తప్పే మీరూ చేయండి అని చెబుతున్నా.

ఆ రబ్బరు పేరు పీడీఎంఎస్. రెండు సీసాలొస్తాయి, పదికి ఒకటి పాళ్ళలో కలపాలి. కలిపితే నురగ వస్తుంది. డెసికేటర్ అనే మూతున్న పాత్రలో పెట్టి గాలి లాగేస్తే పొంగి, బుడగలన్నీ పగిలి, నలభై నిమిషాల్లో గాజులా తేటపడుతుంది. పొయ్యి మీది పాల దగ్గర నిలబడ్డట్టు దగ్గరే ఉండాలి, లేకపోతే పొంగి డెసికేటర్ అంతా అంటుకుంటుంది. తర్వాత ఓవెన్‌లో 70 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు.

అక్టోబర్ 28న మొదటిది పోశాను. నాలుగు గంటల తర్వాత తీస్తే పైన గట్టిపడింది, అంచుల్లోనూ అడుగునా బెల్లంపాకంలా జిగట. రాత్రంతా ఉంచాను. అదే జిగట. పాళ్ళు తప్పాయేమోనని మళ్ళీ కలిపాను, ఓవెన్ చెడిందేమోనని థర్మామీటర్ పెట్టి చూశాను, సీసా పాతదేమోనని పక్క ల్యాబు నుంచి అప్పు తెచ్చాను. తొమ్మిది రోజులు అలా పోయాయి. పదో రోజు ల్యాబ్ అసిస్టెంటు గారు నా చేతుల వైపు చూసి, "ఏ గ్లౌజులమ్మా అవి?" అన్నారు.

లేటెక్స్ గ్లౌజులు. వాటిలో ఉండే గంధకం, పీడీఎంఎస్‌ని గట్టిపరిచే ప్లాటినం ఉత్ప్రేరకాన్ని చంపేస్తుంది. నా చెయ్యి తగిలిన ప్రతిచోటా జిగటే. పెట్టె మీద మూడొందలు మిగులుతాయని మెడికల్ షాపులో నేను కొన్న గ్లౌజులవి. నైట్రైల్ గ్లౌజులు తెచ్చిన రోజే ముక్క చక్కగా ఊడొచ్చింది. ఏ పేపర్లోనూ ఈ ముక్క రాయరు, తెలిసినవాళ్ళకి ఇది రాయాల్సిన సంగతిగా తోచదు మరి.

నవంబర్ 20న ఇంకో దెబ్బ. రబ్బరు అచ్చులో రబ్బరు పోస్తున్నాం కాబట్టి మధ్యలో అంటుకోకుండా ఒక పూత ఉండాలి. సైలేన్ అనే ద్రవం రెండు చుక్కలు పక్కన పెట్టి డెసికేటర్‌లో గాలి లాగితే ఆవిరై అచ్చు మీద పడుతుంది. చిన్న సీసా తొమ్మిది వేలు, మూత తీస్తే తడి గాలికి పాడవుతుంది. ఆ ఆవిరి పట్టుకోవాలంటే ముందు అచ్చుకి ఒక నిమిషం ప్లాస్మా, అంటే విద్యుత్తుతో వెలిగే వాయువు, చూపించాలి. ఆరోజు ప్లాస్మా మెషీన్ వేరేవాళ్ళు బుక్ చేసుకున్నారు. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. సాయంత్రానికి అచ్చు, ముక్క కలిసి ఒకటే దిమ్మ అయిపోయాయి. ఎక్కడ అచ్చు ఆగి ఎక్కడ ముక్క మొదలైందో కత్తితో కోసినా తెలియలేదు. అంటుకునేది తయారు చేద్దామని మొదలుపెట్టిన నాలుగు నెలల్లో నేను సాధించిన అత్యంత బలమైన అతుకు అదే.

డిసెంబర్ 8న మొదటి మంచి ముక్క. వెలుతురుకి అడ్డం పెట్టి వంచితే సీడీ మీద కనిపించే రంగుల్లాంటివి మెరిశాయి. స్తంభాలు వరుసగా ఉన్నాయనడానికి అదే గుర్తు. దాని మీద రెండు దుమ్ము రేణువులు కనిపిస్తే ఐపీఏలో ముంచి కడిగి ఆరబెట్టాను. శుభ్రత మంచి అలవాటని చిన్నప్పటి నుంచీ చెప్పారు కదా.

ఎస్‌ఈఎమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) స్లాట్ మూడు వారాలకి దొరికింది, డిసెంబర్ 29. ముక్క మీద బంగారం పూత వేయాలి, లేకపోతే ఎలక్ట్రాన్లు పేరుకుని బొమ్మ తెల్లగా అలుక్కుపోతుంది. పూత వేసిన ముక్క ఇక పరీక్షకి పనికిరాదు, బొమ్మ కోసం బలి ఇచ్చినట్టే. తెర మీద మొదటి బొమ్మ రాగానే ఆపరేటర్ నవ్వేశాడు. నా స్తంభాలు నాలుగేసి, ఆరేసి చొప్పున తలలు ఒక దగ్గర పెట్టుకుని, చెరువుగట్టు మీద కబుర్లాడే ఆడవాళ్ళలా వాలిపోయి ఉన్నాయి.

తలంటుకున్న జుట్టు తడిగా ఉన్నప్పుడు పిలకలు కడుతుంది చూడండి, అదే జరిగింది. ఐపీఏ ఆరేటప్పుడు స్తంభాల మధ్య మిగిలిన ద్రవం వాటిని దగ్గరకు లాగింది. తలలు తాకాయి. తాకిన తర్వాత వదల్లేదు, ఎందుకంటే అవి తాకితే అంటుకునేలా నేనే కదా చేసింది! గాజుని పట్టుకోవాల్సిన ఆకర్షణతోనే ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఈ రంగంలో అందరికీ ఇదే తలనొప్పి. 2003లో మాంచెస్టర్‌లో ఆండ్రే గీమ్ బృందం, అంటే తర్వాత గ్రాఫీన్‌కి నోబెల్ తెచ్చుకున్నాయనే, పాలీఇమైడ్ అనే ప్లాస్టిక్‌తో 2 మైక్రాన్ల ఎత్తు రోమాలు చేసి 40 గ్రాముల స్పైడర్‌మ్యాన్ బొమ్మని గాజుకి వేలాడదీశారు. వాళ్ళవీ కొన్ని సార్లు అంటించి తీసేసరికి పడుకుండిపోయాయి. అది చదివాక నాకు కొంచెం ఓదార్పు.

బల్లి రోమం గట్టి కెరాటిన్, మన గోళ్ళలో ఉండే లాంటి పదార్థం. పొడుగ్గా, సన్నగా ఉన్నా నిలబడుతుంది. నాది మెత్తటి రబ్బరు, పొడుగ్గా చేస్తే వాలుతుంది. పొట్టిగా చేస్తే నిలబడుతుంది కానీ ఎగుడుదిగుళ్ళకి వంగదు. ఈ రెంటి మధ్య బేరం కుదుర్చుకోవడమే ఈ ప్రాజెక్టులో సగం పని.

సంక్రాంతికి ఇంటికెళ్ళొచ్చాక, జనవరి 22న మళ్ళీ క్లీన్‌రూమ్. ఈసారి 25 మైక్రాన్ల ఎత్తు. కడగడం మానేశాను. దుమ్ము పడితే సెల్లోటేపు నెమ్మదిగా ఆనించి లేపడమే. ఫిబ్రవరి 16న ఎస్‌ఈఎమ్‌లో చూస్తే అన్నీ నిటారుగా, ఆయిల్ పామ్ తోటని ఏరోప్లేన్ లోంచి చూసినట్టు వరుసలు. ఆ బొమ్మ ఇప్పటికీ నా ఫోన్ వాల్‌పేపర్.

ఫిబ్రవరి చివర్లో కొలతలు మొదలు. గుండ్రటి గాజు కటకాన్ని నెమ్మదిగా ముక్క మీదకి దించి, కొంచెం నొక్కి, పైకి లాగుతూ ఎంత బలం దగ్గర ఊడిందో లోడ్ సెల్ అనే బలం కొలిచే పరికరంతో చూడాలి. చదును గాజు ఎందుకు వాడరంటే, రెండు చదును తలాల్ని వెంట్రుకవాసి వంకర లేకుండా ఆనించడం మనవల్ల కాదు. కటకానికి ఏ వైపైనా ఒకటే. బలాలేమో మిల్లీన్యూటన్లు. ఎవరైనా వరండాలో నడిచినా, లిఫ్టు కదిలినా, ఏసీ ఆన్ అయినా గ్రాఫులో కనబడతాయి. అన్న ఒక కడపబండ తెప్పించి, కింద నాలుగు స్కూటర్ ట్యూబుల్లో సగం గాలి కొట్టి, కొలిచే పరికరాన్ని ఆ బండ మీద పెట్టాడు. మొత్తం ఖర్చు 1,150. దుకాణంలో దొరికే వైబ్రేషన్ టేబుల్ ధర వింటే కళ్ళు తిరుగుతాయి. అయినా సరే, పగలు కుదిరేది కాదు. రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు దాకా, ఫ్యాన్లు ఆపేసి, ఊపిరి కూడా చిన్నగా తీసుకుంటూ కొలిచేదాన్ని.

మొదటి వారం ఫలితం: స్తంభాలున్న ముక్క, ఏమీ లేని నున్నటి రబ్బరు ముక్క కంటే తక్కువ అంటుకుంది. తక్కువ! దాదాపు మూడో వంతు.

ఇంకోసారి, ఇంకోసారి, కొత్త ముక్కతో ఇంకోసారి. అదే. ఎనిమిది నెలలు కష్టపడి, మామూలు రబ్బరుని పాడుచేశానన్నమాట. మార్చి మొదటి వారమంతా అన్నం సయించలేదు. ఇంట్లో అడిగితే ఎగ్జామ్స్ టెన్షన్ అని చెప్పాను.

మేడమ్ మాత్రం గ్రాఫు చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు. "మొత్తం వైశాల్యంలో నీ స్తంభాల తలలు ఎంత?" అన్నారు. లెక్క కట్టాను. అయిదో వంతు కూడా లేదు. గాజుకి తగిలేదే అయిదో వంతు అయితే నున్నటి దానితో పోటీ ఎక్కడిది? "మరి ముక్కలు చేస్తే బలం పెరుగుతుందని పేపర్లలో ఉంది కదా మేడమ్?" అన్నాను. "పెరుగుతుంది. నీ స్తంభాల అంచులు చూడు" అని పేపరు మీద ఒక అట్టు, ఒక ఊతప్పం గీశారు. నిజంగానే గీశారు.

పెనం మీద నుంచి అట్టుని లాగి ఎవరూ తీయరు. అట్లకాడ ఒక అంచు కింద దూర్చి లేపితే మిగతాది దాని వెంటే వస్తుంది. అతుకు ఊడటమంటే ఎప్పుడూ అంచు దగ్గర పగులు మొదలై పరిగెత్తడమే. ఒకే పెద్ద అట్టయితే ఒక పగులుకే మొత్తం లేచిపోతుంది. అదే వంద చిన్న అట్లయితే, ఒకటి లేచినా పగులు అక్కడ ఆగిపోతుంది, రెండోదాన్ని మళ్ళీ మొదట్నుంచి లేపాలి. ముక్కలు చేయడం వల్ల లాభం అది. 2003లో ఆర్ట్స్, గోర్బ్ వాళ్ళు ఈగ నుంచి బల్లి దాకా పోల్చి, జంతువు బరువు పెరిగేకొద్దీ కొసలు ఇంకా సన్నం, ఇంకా ఎక్కువ అని చూపించింది ఇందుకే. కానీ నా స్తంభం తల ఊతప్పం. అంచు మందంగా, నిటారుగా ఉంది. లాగినప్పుడు ఒత్తిడంతా ఆ అంచు దగ్గరే పోగవుతుంది, అట్లకాడకి అందిపోతుంది. అంచు పలచగా, పాకినట్టు ఉన్న అట్టు పెనాన్ని అంత తేలిగ్గా వదలదు. అంటే స్తంభం తల పుట్టగొడుగు గొడుగులా పలచటి అంచుతో విచ్చుకోవాలి.

పుట్టగొడుగు తలలు చేయడం ఎలాగంటే: గాజు మీద పచ్చి పీడీఎంఎస్ బొట్టు వేసి 6,000 చుట్ల మీద పది నిమిషాలు తిప్పితే అతి పలచటి పొర మిగులుతుంది. స్తంభాల్ని తలకిందులుగా దాని మీద ఆనించి లేపాలి, కొసలకి చిన్న చుక్క అంటుకుంటుంది. వెంటనే సైలేన్ పూత ఉన్న శుభ్రమైన గాజు మీద ఆ కొసల మీదే నిలబెట్టి ఓవెన్‌లో పెట్టాలి. చుక్క నొక్కుకుని గొడుగులా విచ్చుకుని గట్టిపడుతుంది. పారాణిలో పాదం ముంచి గడపలో అచ్చు వేసినట్టే. ముంచడం ఎక్కువైతే అచ్చు అలుక్కుపోతుంది. నాకు పదిహేడు సార్లు అలుక్కుపోయింది. పొర కొంచెం మందమైనా ద్రవం స్తంభాల మధ్యకి ఎగబాకి మొత్తం నిండిపోయి, నున్నటి ముక్క మిగిలేది. ఒకసారి పొర బాగానే వచ్చింది, నా చెయ్యి వణికింది. చివరికి చేత్తో కాదని, కొలతలప్పుడు కటకాన్ని పైకీ కిందకీ కదిపే స్టేజీకే ముక్కని కట్టి, మైక్రాన్ మైక్రాన్ దించాను.

ఏప్రిల్ 19, తెల్లవారుజామున రెండున్నర. కటకం దించి, నొక్కి, పైకి లాగడం మొదలుపెట్టాను. లాగే బలం పెరిగేకొద్దీ గ్రాఫు గీత కిందకి దిగుతోంది. నున్నటి ముక్క ఊడే చోటు దాటింది. ఇంకా దిగుతోంది. దానికి రెట్టింపు దాటింది. లోడ్ సెల్ పాడయిందేమోనని అనుమానం వచ్చింది. నాలుగు రెట్లు దాటాక ఒక్కసారిగా తెగి సున్నాకి వచ్చింది. చెవి దగ్గర పెడితే చిన్న టిక్కుమన్న శబ్దం కూడా వినిపించేదేమో. గదిలో నేనొక్కదాన్నే. ఎవరికి చెప్పాలి ఆ టైములో? అన్నకి మెసేజ్ పెట్టి, మళ్ళీ కొలిచాను. ఇరవై సార్లు కొలిచినా నాలుగు రెట్లకి తగ్గలేదు.

మే 3న ల్యాబ్ కిటికీ అద్దం మీద 2 సెంటీమీటర్ల పొడవు, 1 సెంటీమీటరు వెడల్పున్న ముక్క అంటించి, దానికి దారం కట్టి, ఖాళీ స్టీలు టిఫిన్ బాక్సు వేలాడదీశాం. ఆగింది. అందరూ ఫొటోలు తీసుకున్నారు. అన్న తన ఇంటి తాళాలు అందులో వేశాడు, ఆగింది. నలభై నిమిషాల తర్వాత, టీకి వెళ్ళొచ్చేసరికి కింద పడి ఉంది. ముక్క పై అంచు మీద ఎవరిదో వేలిముద్ర. ఆ జిడ్డున్న చోటే ఊడటం మొదలై ఉంటుంది. శుభ్రం చేసి మళ్ళీ పెడితే రాత్రంతా ఆగింది. సరదాకి గోడ మీద పెట్టి చూశాం. మా ల్యాబ్ గోడకి డిస్టెంపరు. ఒక్క క్షణం కూడా ఆగలేదు. తీసి చూస్తే కొసల నిండా తెల్లటి పొడి. అంటుకోవడం అంటుకుంది, కానీ గోడకి కాదు, గోడ మీది పొడికి. బల్లి కాలు నాలుగడుగులు వేస్తే దానంతట అదే శుభ్రపడుతుందట. నాది సెల్లోటేపు అడిగింది.

వైవాలో బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ గారు పెద్దాయన. అరగంట గ్రాఫులన్నీ ఓపిగ్గా చూశారు. నా ముక్కని చేతిలోకి తీసుకుని, బల్ల మీది గాజుపలకకి అంటించి, నొక్కి, "బాగుందమ్మా. ఇప్పుడు దీన్ని తియ్యి" అన్నారు.

గోరు పెట్టి మూల లేపి ఒలిచాను.

"నీకు గోరుంది. రోబోకి అంటిస్తే అది ఎలా తీస్తుంది? బల్లి గోరు పెట్టి తీస్తుందా?"

హాస్టల్ కిటికీ, వెనక్కి ముడుచుకునే వేలు, 30 డిగ్రీల వాక్యం, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. బల్లి రోమాలు ఏటవాలుగా ఉంటాయి. ఒకవైపు లాగితే పట్టు, కోణం మారిస్తే విడుపు. నా స్తంభాలు నిటారు. వాటికి పట్టే తెలుసు, విడుపు తెలియదు. స్టాన్‌ఫర్డ్‌లో 2006లో స్టిక్కీబాట్ అనే రోబోని గాజు ఎక్కించినవాళ్ళు ఏటవాలు కొసలు వాడింది ఇందుకే. నేను చదివాను కూడా. చదివి, స్తంభాలే తేలికని వాటినే చేశాను. ఆ మాటే చెప్పాను ఆయనకి. తల ఊపి, "అది థీసిస్ చివర్లో రాయి" అన్నారు. అంతే, పాస్.

నా జేబు నుంచి అయింది, తిరుగుళ్ళు, గ్లౌజులు, రాత్రి టీలు, మూడుసార్లు అద్దం పలకలు కలిపి, 8,600. నిద్ర లెక్కలోకి తీసుకోలేదు. మీరు మొదలుపెట్టేటట్టయితే ఎస్‌ఈఎమ్ స్లాట్లు ముక్క తయారవకముందే బుక్ చేసుకోండి, ఎలాగూ మూడు వారాలు పడుతుంది. అచ్చులు రెండేసి చేసుకోండి. నైట్రైల్ గ్లౌజులు కొనండి.

జూన్ మొదటి వారం ఊరెళ్ళినప్పుడు ఒక ముక్క పట్టుకెళ్ళాను. అమ్మమ్మ బీరువా అద్దాన్ని గుడ్డతో తుడిచి, ముక్క అంటించి, దానికి ఆవిడ తాళాల గుత్తి తగిలించాను. అమ్మమ్మ దగ్గరికొచ్చి కళ్ళజోడు సర్దుకుని చూసింది. మేకు లేదు, బంక లేదు. గుత్తిని వేలితో ఒకసారి ఊపింది కూడా. మధ్యాహ్నం భోజనాలయ్యేదాకా ఆగింది. నేను బీరువా పక్కనే చాప వేసుకుని నడుం వాల్చాను. ఎప్పుడు ఊడిందో తెలీదు, గుత్తి వచ్చి నా కాలి మీద పడింది. "అబ్బా" అన్నాను.

అమ్మమ్మ పంచాంగం తీసి, పేజీ తిప్పుకుంటూ అడిగింది.

"కుడి కాలా, ఎడమ కాలా?"